అద్దె కాలం వృథా కాదు

(విజయవాడ సత్యనారాయణపురంలోని ఒక గ్రంథాలయ హాలులో, మొదటి ఇల్లు కొనాలనుకుంటున్న ఉద్యోగుల ముందు ఒక విశ్రాంత బ్యాంకు అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, ఫ్యాను ఆపేద్దాం.

నేను ముప్పై రెండేళ్ళు బ్యాంకులో పనిచేశాను. అందులో పదకొండేళ్ళు హౌసింగ్ లోన్ల సీట్లోనే ఉన్నాను. రిటైరయ్యాక కూడా తెలిసినవాళ్ళు కాగితాలు పట్టుకుని ఇంటికి వస్తూనే ఉన్నారు. బయానా ఇచ్చేసి వస్తారు, అదే నా బాధ. ఇవ్వకముందు వస్తే చెప్పగలిగింది చాలా ఉంటుంది. అందుకే ఇక్కడ మాట్లాడమని అడగగానే ఒప్పుకున్నాను.

మీలో అద్దె ఇళ్ళలో ఉంటున్నవాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ. అయితే ఈ మాట మీరందరూ వినే ఉంటారు. "నెలనెలా పదిహేను వేలు ఎవరికో పోస్తున్నారు. అదే ఈఎంఐ కడితే ఇల్లు మీదవుతుంది కదా." చుట్టాలు అంటారు, ఆఫీసులో పక్క సీటు వాళ్ళు అంటారు, బ్రోచర్ పట్టుకుని వచ్చిన కుర్రాడు అంటాడు. ఈ మాట సగమే నిజం. మిగతా సగం కాగితం మీద లెక్క వేస్తేగాని తెలియదు.

వేద్దాం. కానూరు వైపో పోరంకి వైపో ఒక ఫ్లాట్ 50 లక్షలనుకోండి. ముప్పై లక్షలు దాటి డెబ్బై ఐదు లక్షల లోపు లోన్ అయితే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వదు. అంటే 40 లక్షలు. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు ఇరవై ఏళ్ళు అనుకుంటే ఈఎంఐ సుమారు 34,700 వస్తుంది. మొదటి నెల మీరు కట్టిన ఆ డబ్బులో 28,333 వడ్డీకే పోతుంది. అసలులోకి వెళ్ళేది ఆరు వేల చిల్లర. ఇరవై ఏళ్ళకి మొత్తం కట్టేది 83 లక్షల పైన. అసలు సగం తీరేసరికే పదమూడేళ్ళు దాటుతుంది. ఓనరుకి పదిహేను వేలు అద్దె కట్టడం దండగైతే, మొదటి ఏళ్ళలో బ్యాంకుకి కట్టే ఇరవై ఎనిమిది వేల వడ్డీని ఏమంటాం? అది కూడా అద్దే. డబ్బుకి కట్టే అద్దె.

ఇల్లు కొనొద్దని చెప్పడానికి నేను రాలేదు. నాకూ సొంతిల్లు ఉంది, ఆ ఇంట్లోనే పిల్లల పెళ్ళిళ్ళు చేశాం. నేను చెప్పేది ఒక్కటే. మీరు అద్దెకున్న ఈ కాలం ఊరికే పోవడం లేదు. ఇల్లు కొనడానికి కావాల్సిన చదువు ఇందులోనే ఉంది. ఆ చదువు పూర్తికాకుండా, ఎవరో అన్న మాట గుచ్చుకుని పరుగెత్తితే దెబ్బ తగులుతుంది. నాకు తగిలింది.

1998లో మేం ఈ పేటలోనే, ఇక్కడికి నాలుగు వీధుల అవతల అద్దెకుండేవాళ్ళం. కింద ఓనర్లు, పైన మేము. మా మామగారికి ఒంట్లో బాగాలేక ఊరి నుంచి తెచ్చి మా దగ్గరే పెట్టుకున్నాం. పొద్దున ఆరింటికి మోటారు వేసేవారు, ఆరుంపావుకి కట్టేసేవారు. మంచంలో ఉన్న మనిషికి నీళ్ళు ఎక్కువ కావాలి కదా. ఒకరోజు ఓనరుగారి భార్య మెట్ల దగ్గర నిలబడి, "మీరు నలుగురన్నారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది. మామగారు లోపలి నుంచి విన్నారు. ఆ రోజు ఆయన స్నానం వద్దన్నారు. ఆ రాత్రి మావారూ నేనూ అన్నం తినలేదు. ఎలాగైనా సరే, సొంత ఇంట్లోకి వెళ్ళిపోదాం అనుకున్నాం.

పదిహేను రోజుల్లో ఒక పాత ఇల్లు చూశాం, లక్ష రూపాయలు బయానా ఇచ్చేశాం. నా నగలు కొన్ని, ఒక చిట్టీ పాడిన డబ్బు కలిపితే వచ్చిన లక్ష అది. బేరం ఆడింది, సంతకాలు పెట్టింది ఇద్దరు అన్నదమ్ములు. ఇల్లు వాళ్ళ నాన్నగారి స్వార్జితం, ఆయన వీలునామా రాయకుండా పోయారు. మా బ్యాంకు లాయరుగారు కాగితాలు చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఈయనకి ఆడపిల్లలు లేరా?" అని. ఇద్దరున్నారు. ఒకామె తెనాలిలో, ఒకామె హైదరాబాదులో. ఇద్దరికీ ఈ అమ్మకం సంగతే తెలియదు. స్వార్జితం మీద కూతురికి కొడుకుతో సమానంగా హక్కు 1956 చట్టం నుంచి ఉంది. లోన్ రాలేదు. ఆ బయానా వెనక్కి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఆదివారం వస్తే చాలు మావారు వాళ్ళ గడప దగ్గర ఉండేవారు. బ్యాంకులో పనిచేస్తూ, ఆ కాగితాల మధ్యే బతుకుతూ కూడా నేను అడగలేదు. అవమానం కళ్ళకు అడ్డం పడింది. మామగారు సొంతిల్లు చూడకుండానే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆరేళ్ళు మళ్ళీ అద్దెకే ఉన్నాం. ఈసారి ఎలా ఉన్నామో చెబుతాను, ఎందుకంటే మీరు రేపటి నుంచే చేయగలిగింది అదే.

ఈఎంఐ ఎంత వస్తుందో ముందు లెక్క వేసుకోండి. అందులోంచి ఇప్పుడు కడుతున్న అద్దె తీసేయండి. ఇందాకటి లెక్కలో తేడా ఇరవై వేలు. జీతం పడిన మూడో రోజో ఐదో రోజో, ఒకే తారీఖున, ఆ ఇరవై వేలు రికరింగ్ డిపాజిట్లోకి వెళ్ళిపోవాలి. ఏడాది పాటు. మధ్యలో పిల్లల ఫీజు వస్తుంది, సంక్రాంతి వస్తుంది, ఎవరిదో పెళ్ళి వస్తుంది, ఇంట్లో ఒకరికి జ్వరం వస్తుంది. అన్నీ వచ్చినా ఆ తారీఖు తప్పకపోతే మీరు ఇంటికి సిద్ధమైనట్టే. రెండు నెలలకే ఆగిపోతే, లోన్ తీసుకున్నాక కూడా అక్కడే ఆగిపోయేవారు. కాకపోతే అప్పుడు బ్యాంకు నోటీసు వచ్చేది. ఇప్పుడైతే మీకు తప్ప ఎవరికీ తెలియదు. పైగా ఏడాది తిరిగేసరికి రెండు లక్షల నలభై వేలు, దాని వడ్డీ చేతిలో ఉంటాయి.

ఆ డబ్బు కావాలి కూడా. ఇరవై శాతం చేతిలో ఉంటే చాలనుకుంటారు చాలామంది. 50 లక్షల ఫ్లాటుకి మీ చేతి నుంచి 10 లక్షలు. అది కాక ఇంటి విలువ మీద మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం. 50 లక్షల మీద 3 లక్షల 75 వేలు. దీనికి లోన్ రాదు, జేబులోంచే. ఇల్లు ఇంకా కడుతుంటే జీఎస్టీ 5 శాతం, అంటే ఇంకో రెండున్నర లక్షలు. 45 లక్షల లోపు చిన్న ఫ్లాటైతే ఒక శాతమే. పూర్తయి, మున్సిపాలిటీ నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి జీఎస్టీ లేదు. తర్వాత కబ్బోర్డులు, వంటగది చెక్కపని, కరెంటు మీటరు, అసోసియేషన్ వాళ్ళకి కట్టేది, లాయరు ఖర్చు, గృహప్రవేశం. పదిహేడు, పద్దెనిమిది లక్షలు లేకుండా 50 లక్షల ఇంట్లోకి వెళ్ళడం కష్టం. ఈ లెక్క తెలియక చివర్లో పర్సనల్ లోన్ తీసుకుని చెక్కపని చేయించుకున్నవాళ్ళని చూశాను. ఐదో తారీఖున రెండు ఈఎంఐలు పోతాయి. కొత్త ఇంట్లో కొత్త సోఫా మీద కూర్చుని నెలాఖరు కోసం టెన్షన్ పడుతుంటారు. పాలు పొంగించిన మర్నాటికి, ఆరు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు మీ ఖాతాలో మిగిలి ఉండాలి. అది లేకపోతే ఇంకో ఏడాది అద్దెకుండండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

వడ్డీ గురించి ఇంకొక్క ముక్క. రేటు పెరిగితే బ్యాంకులు సాధారణంగా ఈఎంఐ పెంచవు, గడువు పెంచుతాయి. మీ ఖాతాలోంచి పోయేది అంతే కాబట్టి చాలామంది గమనించరు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, రెండున్నర శాతం పెరిగింది. ఇరవై ఏళ్ళకి తీసుకున్న లోన్, తీరా స్టేట్‌మెంట్ చూసుకుంటే అంతకంటే ఎన్నో ఏళ్ళు సాగిపోయింది, చాలామందికి. ఏడాదికోసారి బ్రాంచికి వెళ్ళి "నా లోన్ ఏ సంవత్సరంలో తీరుతుంది?" అని అడగండి. ఫ్లోటింగ్ రేటు, అంటే వడ్డీ మారుతూ ఉండే హౌసింగ్ లోన్ ముందే తీర్చేస్తే మామూలు ఉద్యోగుల దగ్గర పెనాల్టీ వసూలు చేయకూడదు, అది రిజర్వు బ్యాంకు నిబంధన. బోనస్ వచ్చినప్పుడు ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా, ఇందాకటి లోన్ మూడేళ్ళ పైన ముందే తీరుతుంది. ఇక పన్ను మినహాయింపు కోసం ఇల్లు కొంటున్నామనే వాళ్ళు ఆగండి. కొత్త పన్ను విధానంలో, మీరే ఉంటున్న ఇంటి మీద వడ్డీకి మినహాయింపు లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతికి వస్తున్నాను. నీళ్ళు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఈ హాలులో సింగ్‌నగర్ వాళ్ళున్నారా? పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ? ఉన్నారు. మీకు నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతాను. అందరూ ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తున్నారు. మర్నాటికి కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, అంత వరద బ్యారేజీ ఎప్పుడూ చూడలేదు. రిటైనింగ్ వాల్ ఉండబట్టి కృష్ణలంక చాలావరకు నిలబడింది. కానీ ఊరిని ముంచింది వెనక నుంచి వచ్చిన బుడమేరు వాగు. డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడి నీళ్ళు ఇళ్ళ మీదికి వచ్చాయి. కొన్ని వీధుల్లో వారం దాటినా దిగలేదు.

నీళ్ళు తీశాక నేను ఒక ఇంటికి వెళ్ళాను. ఆ భార్యాభర్తల లోన్ అప్లికేషన్ నా చేతుల మీదే మొదలైంది. ఎనిమిది నెలల ముందు గృహప్రవేశం చేసుకున్నారు, గ్రౌండ్ ఫ్లోర్. ఆ అమ్మాయి పెరట్లో దండెం మీద పిల్లల సర్టిఫికెట్లు ఆరేస్తోంది. ఒక్కో కాగితానికి రెండు క్లిప్పులు. సిరా కారిపోయి చేతివేళ్ళు నీలంగా ఉన్నాయి. గోడ మీద, తలుపు గొళ్ళెం కంటే జానెడు పైన, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గోధుమరంగు గీత. "దస్తావేజు ఒక్కటే తడవలేదండీ, అది మీ బ్యాంకులో ఉంది కదా" అంది. ఆ వారంలోనే ఐదో తారీఖు వచ్చింది, ఈఎంఐ కట్ అయింది. ఇంటికి బీమా లేదు. నేనే అప్పట్లో ఆ ఫారం ఇచ్చి, "మీ ఇష్టం" అని వదిలేశాను. ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇంటి బీమాలో గోడలకు వేరు, లోపలి సామానుకు వేరు. రెండూ తీసుకోండి, వరద అందులో ఉందో లేదో చదివి మరీ తీసుకోండి.

సొంతంగా కొన్నవాళ్ళకి తెలియనిది, అద్దెకున్నవాళ్ళకి తెలిసేది ఇదే. ఏ వీధిలో చిన్న వానకే మోకాలి లోతు వస్తుందో, ఏ అపార్ట్‌మెంట్ సెల్లారులో మోటారు పెట్టి తోడతారో, ఎక్కడ కృష్ణా నీళ్ళు వస్తాయో, ఎక్కడ బోరు నీళ్ళతో బకెట్లకు తెల్లటి పొర కడుతుందో అద్దెకున్న మనిషికి ఏడాదిలో తెలిసిపోతుంది. కాబట్టి కొనాలనుకున్న పేటలోనే ముందు అద్దెకు దిగండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఉండండి. ఒక ఇల్లు మారే ఖర్చు, ఇరవై ఏళ్ళ అప్పు ముందు ఎంత? అది కుదరకపోతే కనీసం వాన వెలిసిన గంటకి వెళ్ళి చూడండి. అమ్మేవాళ్ళని కాదు, ఇస్త్రీ బండి అబ్బాయిని అడగండి, కిరాణా కొట్టాయనని అడగండి. కరెంటు మీటర్లు ఎంత ఎత్తులో బిగించారో చూడండి, ఒక వీధి మొత్తం మీటర్లు తలకంటే పైన ఉంటే దానికి కారణం ఉంటుంది. గోడ కింది సగానికే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకో అడగండి. అలాగే పై అంతస్తు పడమటి ఫ్లాటుని రోహిణి కార్తెలో, మధ్యాహ్నం మూడింటికి చూడండి. రోళ్ళు పగిలే ఎండలో ఆ బెడ్‌రూమ్ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. పొద్దున తొమ్మిదింటికి చూపిస్తామంటారు, ఆ టైముకి ఏ ఇల్లైనా బాగుంటుంది.

కాగితాల సంగతి. వాస్తు చూడండి, నేను కాదనను, మా ఇంట్లోనూ చూశాం. ఈశాన్యం చూసినంత శ్రద్ధగా ఈసీ కూడా, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం కూడా చూడమంటున్నాను. కనీసం ముప్పై ఏళ్ళది తీయించండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇంటి పాత దస్తావేజులు అన్నీ వరసగా పెట్టుకుని, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఒక కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. ఎక్కడో ఒకచోట తండ్రి పోయి పిల్లలు అమ్మినట్టు ఉంటుంది. అక్కడ ఆగండి. ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా? పిత్రార్జితంలో కూడా కూతుళ్ళకు వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పసుపు కుంకుమలకి ఇచ్చేశాం, వాళ్ళేం అడగరు అంటారు. అడగని చెల్లెలు సంతకం పెట్టడానికి ఏం అభ్యంతరం? ఆ సంతకం లేని ఇల్లు కొనకండి.

ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. రిజిస్టర్ చేయని వీలునామా, తెల్లకాగితం మీది పంపకాలు, నడుస్తున్న కోర్టు కేసు అందులో కనపడకపోవచ్చు. అందుకే మీ సొంత లాయరు కావాలి. "బ్యాంకు లాయరు చూశారు కదా" అంటారు. ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రంగా ఉందా అని. మీ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సింది మీరు ఫీజు ఇచ్చిన లాయరు. స్థలమైతే రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అంటే అందరూ 22-ఏ అంటారే, అందులో ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. అసైన్డ్ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి అందులో ఉంటాయి. జీపీఏ, అంటే ఓనరు తన తరఫున పనులు చేయమని రాసిచ్చే అధికార పత్రం, దాని మీద కొనేసి ఇల్లు నాదే అనుకోకండి. జీపీఏ ఒక్కటే హక్కు ఇవ్వదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మన ఊళ్ళో అపార్ట్‌మెంట్లు ఎక్కువగా డెవలప్‌మెంట్‌కి ఇచ్చినవే. స్థలం ఒకరిది, కట్టేది ఒకరు, ఫ్లాట్లు పంచుకుంటారు. మీరు కొంటున్న ఫ్లాట్ ఎవరి వాటాలోదో ఆ పంపకం కాగితంలో చూసుకోండి. స్థలం ఓనరు వాటా ఫ్లాటుకి బిల్డరు అగ్రిమెంట్ రాసిన కేసు నేను చూశాను. తర్వాత స్థలంలో మీ వాటా గజాలు లెక్క చూడండి. 500 గజాల స్థలంలో పది ఫ్లాట్లుంటే తలా యాభై గజాలు రావాలి. అందరి దస్తావేజుల్లో గజాలూ కూడితే అయిదు వందలకి సరిపోవాలి. రేపు ముప్పై ఏళ్ళకి ఆ కట్టడం పాతబడితే మీకు మిగిలేది ఆ యాభై గజాలే. ప్లానులో లేని పెంట్‌హౌస్ తక్కువకి వస్తుందని వెళ్ళకండి. ప్లింత్ ఏరియా పన్నెండు వందలంటారు. మెట్లు, లిఫ్టు, గోడలు అన్నీ అందులోనే కలిపేస్తారు. టేపు పట్టుకెళ్ళి తలుపు లోపల కొలవండి.

రెరా ఉంది కదా అంటారు. ఉంది, బిల్డర్ల దగ్గర ఇళ్ళు కొనేవాళ్ళ కోసం తెచ్చిన మంచి చట్టం. కొన్నవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పదో వంతుకి మించి తీసుకోకూడదు. ఇల్లు అప్పగించిన ఐదేళ్ళ లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు దాటని స్థలాలకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంటే దాదాపు ఆరు వందల గజాలు. మన సందుల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు అంతకు లోపే. అక్కడ మీ జాగ్రత్త మీరే పడాలి.

సగం వైటు, సగం క్యాష్ అంటే ఒప్పుకోకండి. స్థలం, ఇల్లు అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి చట్టం ఉంది. బేరం తప్పితే ఆ క్యాష్ ఇచ్చినట్టు మీ దగ్గర సాక్ష్యం ఉండదు. 50 లక్షలు, ఆ పైన అయితే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి మీరే ఒక శాతం పన్ను, అంటే టీడీఎస్, పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, అది మర్చిపోయి నోటీసులు అందుకున్నవాళ్ళున్నారు.

ఇప్పుడు మీరు అడగండి.

ఆ తమ్ముడు అడుగుతున్నాడు: "మేడం, అద్దె ఇంట్లోనే ఉంటూ, అమరావతి వైపు స్థలం కొని పడేస్తే మంచిది కాదా?"

నేను కొన్నాను తమ్ముడూ. 2015లో, శంకుస్థాపన అయిన రోజుల్లో. పీఎఫ్ లోంచి కొంత, అప్పు కొంత తెచ్చి రెండు వందల గజాలు. రేటు పెరుగుతుంటే ఇంట్లో అందరం సంబరపడ్డాం. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, కొనేవాడు లేడు. 2021లో మా అమ్మాయి చదువుకి డబ్బు కావాల్సి వచ్చింది, కొన్న దానికి సగానికి అమ్మాం. 2024 తర్వాత అక్కడ మళ్ళీ పనులు మొదలయ్యాయి, రేట్లు లేచాయి. మా దగ్గర ఆ స్థలం లేదు. నా తప్పు అమరావతిని నమ్మడం కాదు. ఆ డబ్బు ఫలానా ఏడాది కావాలని నాకు ముందే తెలుసు, పిల్ల ఎప్పుడు ఇంటర్ దాటుతుందో తల్లికి తెలియదా? అలా తేదీ ఉన్న డబ్బుని తీసుకెళ్ళి తేదీ లేని స్థలంలో పెట్టాను. పదేళ్ళు తిరిగి చూడనక్కర్లేని డబ్బు, అప్పు కాని డబ్బు నీ దగ్గర ఉంటే కొను. రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అదే సీఆర్డీఏ, అనుమతి ఉన్న లేఅవుటేనా అని ఆఫీసులో చూసుకుని కొను. హద్దు రాళ్ళు వేయించి, ఆర్నెల్లకోసారి వెళ్ళి చూసుకో. అద్దెకివ్వడానికి లోన్ మీద ఫ్లాట్ కొంటానంటే మాత్రం నేను వద్దంటాను. పదిహేను వేల అద్దె ఏడాదికి లక్షా ఎనభై వేలు, 50 లక్షల మీద మూడున్నర శాతం. ఖాళీగా ఉన్న నెలలు, రిపేర్లు తీస్తే మూడు. మరి నువ్వు కట్టేది ఎనిమిదిన్నర. ధర పెరుగుతుందనే ఒక్క ఆశ మీదే అది నిలబడాలి.

గుంటూరు నుంచి వచ్చిన మాస్టారు అడుగుతున్నారు, బ్రాడీపేటలో అద్దెకుంటూ గోరంట్లలో ఇల్లు కొనొచ్చా అని. మాస్టారూ, ఇల్లు మంచిదే అయినా, మీ స్కూలు, అమ్మగారి డాక్టరు, పిల్ల కోచింగ్ అన్నీ బ్రాడీపేట చుట్టూ ఉన్నాయన్నారు. ఒక నెల రోజులు అక్కడి నుంచి రోజూ వచ్చిపోయినట్టు లెక్క వేయండి, పెట్రోలుతో పాటు మీ ఓపిక కూడా. పిల్ల చదువు ఇంకా రెండేళ్ళేనంటున్నారు కాబట్టి, ఆ రెండేళ్ళూ బ్రాడీపేటలోనే ఉండి డబ్బు పోగేయడం నయమని నాకనిపిస్తోంది.

ఆ చివర్లో అమ్మా, మీరు? "ఇల్లు ఎవరి పేరు మీద పెట్టాలి?"

మీరు ఉద్యోగం చేస్తున్నారా అమ్మా? చేస్తున్నారు. లోన్‌లో మీ సంతకం ఉంటుందా? ఉంటుందన్నారు. అయితే దస్తావేజులో కూడా మీ పేరు ఉండాలి. ఈ మాట కొంచెం గట్టిగా చెబుతున్నాను, మగవాళ్ళు కూడా వినాలి. నా సీటు ముందు ఎంతోమంది ఆడవాళ్ళు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టారు. జీతం సర్టిఫికెట్ ఇచ్చారు, నగలు అమ్మి మార్జిన్ మనీ తెచ్చారు. దస్తావేజు చూస్తే భర్త పేరో మామగారి పేరో ఒక్కటే. అప్పు తీర్చే బాధ్యత మాత్రం ఆమెదీ, ఇల్లు ఆమెది కాదు. ఒకావిడ భర్త పోయాక వచ్చింది. మామగారి పేరు మీద ఇల్లు, ఇంకా పన్నెండేళ్ళ ఈఎంఐ. ఏం చేయాలని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టాను, అంతే. రిజిస్ట్రేషన్ రోజున ఇద్దరి పేర్లూ రాయించడానికి అదనంగా పట్టేది ఒక్క పంక్తి. మీరు అడగడానికి మొహమాటపడితే, బ్యాంకు మేడం చెప్పిందని నా పేరు చెప్పండి.

ఎనిమిదవుతోంది, లైబ్రరీ వాళ్ళు తాళం వేసుకోవాలి. ఇందాక వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఒక అమ్మాయి ఈసీ కాగితాలు చూపించి, రేపు పొద్దున బయానా ఇస్తున్నామంది. ఏదీ, ఎక్కడున్నావమ్మా? నువ్వు ఉండు. మెట్ల మీద దీపం ఉంది, అక్కడ కూర్చుని చూద్దాం.